మాల్యాద్రికి రాని జ్వరం

కరపత్రాల కట్ట అరుగు మీదనే ఉండిపోయింది. నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి తెచ్చిన ఆటో అతను పెట్టి పోయిన చోటు నుంచి దాన్ని ఎవరూ కదిలించలేదు. మంచుకు పై కాగితం మెత్తబడి, అక్షరాలు కొంచెం ఉబ్బాయి.

గురువారం పొద్దున ఎనిమిది దాటినా ఎడ్విన్ గదిలోంచి బయటికి రాలేదు. కరుణశ్రీ రెండుసార్లు కాఫీ వేడిచేసి, రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎడ్విన్ భార్య పోయి ఆరేళ్లు. ఆత్మకూరులోని ఆ ఇంట్లో ఉండేదే ముగ్గురు. తండ్రీ కూతుళ్లకు మాటల్లేకపోతే, ఇక మిగిలిన మనిషి పీట జరుపుకున్నా ఇల్లంతా వినపడుతుంది.

ఆ మనిషి రెబెకమ్మ, ఎడ్విన్ తల్లి. ఎనభై అయిదేళ్లు. వంటింటి గడప పక్కన కూర్చుని గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. నిన్న కొడుకూ మనవరాలూ అంతసేపు వాదించుకున్నా ఆమె ఒక్క మాట అనలేదు. కరుణశ్రీకి అదే వింతగా ఉంది. వాదన అవ్వ కన్నతండ్రి మాల్యాద్రి గురించి. ఆయన గురించి ఎవరేమన్నా ఊరుకునే మనిషి కాదు అవ్వ.

గొడవకు మూలం ఒక ఉత్తరం. దాన్ని తెప్పించింది కరుణశ్రీయే, అదీ తండ్రి కోసమే.

ఉదయగిరి మిషన్ బడిలో ఎడ్విన్ ముప్పై రెండేళ్లు ఆటల మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఈ శనివారం ఆ బడి గ్రౌండుకు హెడ్లీ దొర పేరు పెడుతున్నారు. బడి కట్టించింది ఆ అమెరికా దొరే. సభలో ముఖ్య ప్రసంగం ఎడ్విన్‌ది. కరపత్రంలో అచ్చయిన కథా ఆయన రాసిందే.

ఆ కథ బడిలో ప్రతి పిల్లవాడికీ వచ్చు. 1927లో ఇంగ్లండు నుంచి వచ్చిన క్రికెట్ జట్టు రైల్లో మద్రాసు పోతూ ఒకరోజు నెల్లూరులో ఆగి ఆడింది. మిషన్ బడిలో చదివి అక్కడే చిన్న పంతులుగా ఉన్న మాల్యాద్రి, కాళ్లకు బూట్లు కూడా లేకుండా బంతి వేసి ఏడుగురు తెల్లవాళ్లను ఔట్ చేశాడు. మద్రాసులో జరిగే పెద్ద మ్యాచికి ఆయన్ని ఎంపిక చేశారు. సరిగ్గా అప్పుడే విషజ్వరం తగిలింది. హెడ్లీ దొర మూడు రోజులు మంచం పక్కనే కూర్చుని ప్రాణం నిలబెట్టాడు. ఆట పోయింది గాని మనిషి మిగిలాడు. ఆ కృతజ్ఞత మా ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది, అని ముగించాడు ఎడ్విన్.

నెల్లూరు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే కరుణశ్రీ, కరపత్రంలో వేయడానికి దొర ఫోటో ఏదైనా దొరుకుతుందేమోనని అమెరికాలో మిషన్ వాళ్ల పాత కాగితాలు దాచిన గ్రంథాలయానికి రాసింది. వాళ్లు ఫోటోతో పాటు, అదే ఏడాది దొర సబ్ కలెక్టరుకు రాసిన ఒక ఉత్తరం నకలు కూడా పంపారు. అందులో నాలుగు వాక్యాలు ఆమె ఇప్పటికి ఇరవైసార్లు చదివి ఉంటుంది.

మాల్యాద్రికి విషజ్వరమని నెల్లూరు వాళ్లకు రాశాను. అది నిజం కాదని మీకు చెప్పకుండా ఉండలేను. నెల్లూరు నుంచి ఎంపికైన ఇద్దరిలో ఇతను రాడనే అనుకోండి. పంపకపోవడమే అందరికీ మేలు.

ఎడ్విన్ బయటికి వచ్చి, కూతురు చేతిలోని కాఫీ తీసుకోకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

“అందరికీ అంటే ఎవరికి?” అన్నాడు. రాత్రంతా అదే ఆలోచించినట్టున్నాడు.

“నాకూ తెలియదు నాన్నా. తెల్లవాళ్లకేమో అనుకుంటున్నా. ఒక మాదిగ పిల్లోడు మద్రాసు దాకా పోయి దొరలను ఔట్ చేస్తా ఉంటే చూడలేకపోయినారేమో.”

“ఏమో ఏమో అని మనిషి మీద నింద వేస్తావా? ఆ దొర లేకుంటే మీ అవ్వకు అక్షరం ముక్క వచ్చేదా? నువ్వు పాఠాలు చెప్పేదానివా?”

“గ్రౌండుకు ఆయన పేరు వద్దని నేను అనలా. జొరం కథ మటుకు చదవద్దంటున్నా.”

“ముప్పై ఏళ్లు చెప్పినాను. నాలుగు వేలమంది పిలకాయలకు చెప్పినాను. ఇప్పుడు పోయి, అబద్ధం చెప్పినానయ్యా అని చెప్పాలా?”

తండ్రి ముఖంలో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది కరుణశ్రీకి. రిటైరైన రోజు కూడా ఆయన అలా లేడు.

వంటింటి గడప దగ్గర ఈనెలు తీసే చప్పుడు ఆగిపోయింది.

“జొరం రాలేదు,” అంది రెబెకమ్మ.

ఎడ్విన్ తల తిప్పాడు.

“నాయనకు జొరం రాలేదురా. ఆయనే పోనన్నాడు.”

ఆమె చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యమధ్యలో ఆగి, చేతిలోని చిక్కుడుకాయ వైపు చూసి, మళ్లీ మొదలుపెట్టింది.

హెడ్లీ దొరకు క్రికెట్ రాదు. అమెరికావాడు, ఆయన ఎరిగిన ఆట వేరు. మాల్యాద్రికి బంతి పట్టించింది ఉదయగిరిలో క్యాంపు వేసే సబ్ కలెక్టరు. సాయంత్రాలు తనకు బంతులు వేయడానికి ఒక మనిషి కావాలని మిషన్ వాళ్లను అడిగి పిలిపించుకున్నాడు. రెండేళ్లలో ఆ మనిషి బంతి తనకే అందకుండా పోయింది. నెల్లూరు జట్టులో మాల్యాద్రిని పెట్టించింది కూడా ఆ సబ్ కలెక్టరే.

ఆ రోజు నెల్లూరులో అన్నాలు మూడు చోట్ల పెట్టారు. తెల్లవాళ్లకు షామియానా కింద బల్లలు. నెల్లూరు జట్టుకు కొంచెం ఎడంగా డేరా. మాల్యాద్రిని వెనక జట్కాలు ఆపిన చోట కూర్చోమన్నారు. గుర్రాలకు గడ్డి వేసే మనిషి పక్కన కూర్చుని తిన్నాడు. అప్పటికి ఆయన నలుగురిని ఔట్ చేసి ఉన్నాడు.

మధ్యాహ్నం ఇంకో ముగ్గురు ఔటయ్యాక టీ వచ్చింది. అందరికీ పింగాణీ కప్పులు. మాల్యాద్రికి గోడ మీద ఒక మట్టి ముంత పెట్టి, తాగి పారేయమన్నారు.

“తెల్లోళ్లు పెట్టలా ఆ ముంత,” అంది రెబెకమ్మ. “మనోళ్లే పెట్టినారు. తెల్లోళ్లు చూస్తా కూర్చున్నారు. అది మీ గొడవ, మాకెందుకన్నట్టు. నాయన నాతో ఒకటే మాట అన్నాడు. పొద్దుట్నించీ బంతి పదకొండు మంది చేతులు మారింది పాపా, ముంత మటుకు మారలేకపోయింది అన్నాడు.”

ఆట అయ్యాక ఇంగ్లండు కెప్టెన్ వచ్చి చెయ్యి కలిపాడు. మద్రాసు రావాలన్నాడు. ఆట చూడ్డానికి వచ్చిన హెడ్లీ దొర ఆ మాట తెలుగులో చెప్పాడు. సబ్ కలెక్టరు ఏర్పాట్లు కూడా అక్కడే చెప్పేశాడు. జట్టు రైల్లో రెండో తరగతిలో వస్తుంది. మాల్యాద్రి సామాను పెట్టెలో రావాలి. మద్రాసులో పడక నౌకర్ల లైన్లో. పొద్దున దొరల ప్రాక్టీసుకు బంతులు వేసి, తర్వాత మ్యాచి ఆడాలి.

ఉదయగిరి తిరిగి వచ్చిన రోజే మాల్యాద్రి దొర ముందు నిలబడి, నేను పోనని చెప్పాడు. సబ్ కలెక్టరు మాట కాదన్న పంతులుకు ఉద్యోగం ఉండదని ఇద్దరికీ తెలుసు. దొర ఒక పగలంతా గదిలోంచి రాలేదు. సాయంత్రం పిలిచి, నీకు జ్వరం వచ్చింది, మూడు రోజులు మంచం దిగొద్దు అన్నాడు.

“పడుకున్నాడు మూడు రోజులు. ఇరవై అయిదేళ్ల మనిషి, రాయి మాదిరి ఉండేవాడు. దుప్పటి కప్పుకోని, దొరసాని పంపించిన గంజి తాగతా. ఊరంతా వచ్చి చూసి పోయినారు. బయట పిలకాయలు బంతాట ఆడతా ఉంటే వింటా పడుకున్నాడంట. అదే మూడు రోజులు అక్కడ మద్రాసులో మ్యాచి.”

“ఎప్పుడు చెప్పినాడు నీకు?” అని అడిగాడు ఎడ్విన్.

“పోయేముందు. నిజంగానే జొరం తగిలి పడుకోనుండాడు. ఒళ్లు పట్టుకోని చూస్తే నవ్వినాడు. అప్పుడు రాని జొరం ఇప్పుడొచ్చిందే అన్నాడు. ఎవురికీ చెప్పొద్దని దొర ఒట్టు వేయించుకున్నాడంట. చెప్పకుంటేనే ఉద్యోగం.”

కరుణశ్రీ లేచి వచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. నిన్నటి నుంచి తాను కట్టుకున్న వాదం సగం కూలిపోయింది. దొర అడ్డం పడలేదు. పంపనిది తానే అన్నట్టు సబ్ కలెక్టరుకు రాసి, తప్పు తన మీద వేసుకున్నాడు. కాపాడాడు. కాపాడి, నోరు కూడా కట్టేశాడు. రెండూ ఒకే చేత్తో చేశాడు. ఆ మనిషిని ఏమనాలో ఆమెకు తోచలేదు.

“మాకు ఎందుకు చెప్పలా అవ్వా ఇన్నాళ్లు?”

రెబెకమ్మ కొడుకు వైపు చూసింది. “వీడు ఆ జొరం కథ చెప్తా ఉంటే పిలకాయలు రెప్ప వేయకుండా వినేవాళ్లు. నేనూ ఒకసారి వెనక కూర్చోని విన్నా. ఎట్లా చెప్పేది?”

ఎడ్విన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కూతురు చూడకుండా ఉండాలన్నట్టు కుర్చీ అటు తిప్పుకున్నాడు. చాలాసేపటికి, ఆ ముంత పెట్టించింది ఎవరని అడిగాడు.

ఆ జవాబు కూడా రెబెకమ్మ దగ్గర ఉంది. “మన నెల్లూరు జట్టు కెప్టెను. ఉదయగిరి జనార్దనయ్య.”

శనివారం సభకు ముఖ్య అతిథి సురేంద్రబాబు. గ్రౌండులో గ్యాలరీ కట్టించింది ఆయనే. జనార్దనయ్యకు సాక్షాత్తూ కొడుకు కొడుకు.

*

శుక్రవారం పొద్దున బాడుగ కారులో ముగ్గురూ ఉదయగిరి బయల్దేరారు. సభలో చెప్పే ముందు సురేంద్రబాబుకు చెప్పడం మర్యాద అని ఎడ్విన్ అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఎన్నోసార్లు కూర్చున్నాడు, భోజనం చేశాడు. అవ్వ వస్తానంటుందని మాత్రం ఇద్దరూ అనుకోలేదు. ఆ కొంప ఒక్కసారి చూడాలంది ఆమె. అంతకంటే కారణం చెప్పలేదు.

వింజమూరులో కారు ఆపి ఎడ్విన్ మందుల షాపులో తల్లి బీపీ మాత్రలు కొన్నాడు. మళ్లీ కారెక్కుతూ కూతురితో, “నువ్వు ఆ ఉత్తరం తెప్పించకుండా ఉండాల్సింది,” అన్నాడు. ఒక నిమిషం ఆగి, “తెప్పించకుంటే అమ్మ ఇది ఎవరికీ చెప్పకుండానే పోయేది,” అని తానే అన్నాడు. కరుణశ్రీ తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

ఉదయగిరి కొండ కనపడ్డాక రెబెకమ్మ కొంగు సర్దుకుంది.

సురేంద్రబాబు అరవై దాటిన మనిషి. గుమ్మం దాకా ఎదురొచ్చి, రెబెకమ్మను చూసి కొంచెం తడబడి, ముందు గదిలో కూర్చోబెట్టాడు. ఎడ్విన్ విషయం దాచకుండా చెప్పాడు. ఉత్తరం, మూడు రోజుల మంచం, మట్టి ముంత, అన్నీ. జనార్దనయ్య పేరు చెప్పేటప్పుడు మాత్రం నేల వైపు చూశాడు.

సురేంద్రబాబు కోపం తెచ్చుకోలేదు. లేచి వెళ్లి, గోడ మీద దేవుడి పటాల పక్కన ఉన్న ఒక చిన్న ఫ్రేము తీసుకొచ్చి కరుణశ్రీ చేతికిచ్చాడు.

అద్దం కింద పసుపు తిరిగిన అట్ట. మద్రాసు మ్యాచి స్కోరు కార్డు. రెండు జట్ల పేర్లూ ఇంగ్లీషులో అచ్చయి ఉన్నాయి.

దాన్ని తగిలించింది తాతేనని చెప్పాడు సురేంద్రబాబు. అందులో ఆయన పేరు లేదు. తాను ఆడని ఆట కార్డును ఎవరైనా ఎందుకు పటం కట్టించుకుంటారో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చిన్నప్పుడు అడిగితే, ఇందులో ఎవరు ఉన్నారో కాదు, ఎవరు లేరో చూడరా అనేవాడట. తనను తీసుకోలేదన్న ఉక్రోషం అనుకున్నారు. ఆ ఏడాది తర్వాత ఆయన బ్యాటు ముట్టలేదు.

కరుణశ్రీ పేర్లన్నీ ఒకటికి రెండుసార్లు చదివింది. ఉత్తరంలో దొర రాసిన ముక్క గుర్తొచ్చింది. నెల్లూరు నుంచి ఎంపికైన ఇద్దరిలో ఇతను రాడు. అయితే రెండో మనిషి, జట్టు కెప్టెన్ జనార్దనయ్యేనా?

“ఇద్దరూ పోలేదు నాన్నా,” అంది నెమ్మదిగా. “ఇందులో నెల్లూరు వాళ్ల పేర్లే లేవు.”

రెబెకమ్మ కళ్లజోడు పెట్టుకుని కార్డు వైపు చూసింది. ఇంగ్లీషు పేర్లు ఆమె చదవగలదు. వేలు ఒక్కో పేరు కింద జరిపి, చివరికి వచ్చి ఆగింది.

“పోయేముందు ఆ ఒక్కసారి తప్ప నాయన జనార్దనయ్య పేరు పలకలా,” అంది. “ఆయన కూడా పోలేదని మాకెవురు చెప్పినారు?”

లోపలి గదిలోంచి ఎవరది అని సన్నని గొంతు వినపడింది. సురేంద్రబాబు మేనత్త, చెంచమ్మ. జనార్దనయ్య కడగొట్టు కూతురు. తొంభై ఏళ్లు, మంచం దిగి రెండేళ్లయింది. ఆత్మకూరు ఎడ్విన్ సారు, వాళ్లమ్మ వచ్చినారని సురేంద్రబాబు చెప్పాడు.

“మాల్యాద్రి పంతులు కూతురా?” అంది ఆ గొంతు. “లోపలికి రమ్మను.”

రెబెకమ్మ కొడుకు భుజం పట్టుకుని లేచింది. లోపలి గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి, దాటింది.

చెంచమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ఎదురుగా కుర్చీ ఉన్నా, మంచం మీదే కూర్చోమని చేత్తో తట్టింది. కాసేపు ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మీ నాయన కోసం మా నాయన రెండుసార్లు ఆత్మకూరు వచ్చినాడు,” అంది చెంచమ్మ. “తెల్లోళ్లు వెళ్లిపోయిన మరుసటేడు. నాకు పదమూడేళ్లు. రెండుసార్లూ ఇంట్లో లేడన్నారంట.”

రెబెకమ్మ ముఖం మారిపోయింది. కరుణశ్రీ అవ్వను ఎప్పుడూ అలా చూడలేదు.

“నల్ల గొడుగు,” అంది రెబెకమ్మ. “ఎర్రంగా, పొడుగ్గా ఒకాయన వచ్చినాడు. నేనే చెప్పినా నాయన ఇంట్లో లేడని. నాయన తలుపు ఎనకాలే నిలబడి ఉండాడు. నాకు ఎనిమిదేళ్లు. ఆయన ఎవురో నాకు చెప్పలా.”

“నువ్వేనా ఆ పాప?”

“నేనే.”

చెంచమ్మ చాలాసేపు ఆమెనే చూసింది. “మూడోసారి పోదామని మా అమ్మ అనింది. నాయన వద్దన్నాడు. ఆ పసిబిడ్డ నా మొహం చూసి అబద్ధం చెప్పలేక తల దించుకునింది, ఇంకోసారి చెప్పించలేను అన్నాడు.”

ఎడ్విన్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ముంత పెట్టినవాడు, మద్రాసు పోనివాడు, రెండుసార్లు గొడుగు వేసుకుని వచ్చినవాడు ఒకే మనిషా? సభలో చెప్పడానికి ముప్పై ఏళ్ల కథ పోయింది. దాని చోట పెట్టుకోవడానికి ఇంకా ఏదీ రాలేదు.

“ఏం చెప్పాలని వచ్చినాడో నీకు తెలుసునా?” అని అడిగింది రెబెకమ్మ.

“తెలుసు,” అంది చెంచమ్మ. “కానీ ఒక్కదానికి చెప్పను. మీ నాయన పేరు తెలిసినోళ్లందరి ముందు చెప్తా. మా నాయన అట్లా అందరి ముందు చెప్పాలనే మీ ఇంటికి వచ్చినాడు.”

“అయితే రేపు సభకు రా.”

అంతదాకా మాట్లాడని సురేంద్రబాబు అప్పుడు లోపలికి వచ్చాడు. గొంతు పెంచలేదు. కాని ముఖంలో ఇందాకటి మెత్తదనం లేదు. “ఎడ్విన్ సార్, ఇంట్లో మాట ఇంట్లో ఎంతైనా మాట్లాడుకుందాం. రేపు స్టేజి మీద మా తాత గురించి ఒక్క మాట వచ్చినా నేను రాను. అత్తను అసలు గడప దాటనివ్వను.”

రెబెకమ్మ మంచం మీద నుంచి కదల్లేదు.

చెంచమ్మ మేనల్లుడి వైపు చూడనైనా చూడలేదు. కరుణశ్రీని దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“పాపా, రేపు మీటింగు ఎన్ని గంటలకు?”